నట్టు మీద పసుపు గీత

బుధవారం పొద్దున్నే పెద్దల్లుడికి కడుపు మండింది. ఎందుకో చెబితే నవ్వుతారు. భార్య టీ గ్లాసు చేతికిస్తూ, "నిన్న మా మరిది వచ్చి మిక్సీ బాగుచేసి వెళ్ళాడండీ, ఐదంటే ఐదే నిమిషాల్లో!" అంది. అంతే. ఆ మిక్సీ నెలరోజులుగా మూలన పడి ఉంది. బాగుచేస్తానని పెద్దల్లుడు నాలుగు ఆదివారాలు అన్నాడు. అన్నాడేగానీ చెయ్యలేదు, అది వేరే సంగతి. ఆయన లేనప్పుడు ఆయన ఇంటికొచ్చి, ఆయన మిక్సీని ఆయన స్క్రూడ్రైవరుతోనే విప్పి బాగుచేసి పోవడానికి వాడెవడు?

వాడెవడంటే తోడల్లుడే. భార్య చెల్లెలి మొగుడు. ఇద్దరూ మామగారి షెడ్డులోనే మెకానిక్కులు. పెద్దల్లుడు అక్కడ చేరి పద్దెనిమిదేళ్ళయింది. పని పూర్తి కాగానే బానెట్ మీద రెండుసార్లు చరిచి "పక్కా!" అనడం ఆయన అలవాటు. అందుకని బళ్ళవాళ్ళందరూ ఆయన్ని పక్కా అనే పిలుస్తారు. చిన్నల్లుడు వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు. అప్పుడే షెడ్డు ముందు బండి ఆపినవాడు దిగుతూనే "చిన్నాయన లేడా?" అంటున్నాడు. ఎదురుగా నిలువెత్తు మనిషి చేతిలో పానా పట్టుకుని నిలబడి ఉంటే, లేడా అట, లేడా!

ఆ షెడ్డులో మామగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ నట్టునైనా ఆఖరిసారి బిగించినవాడు దాని మీదా, దాన్ని ఆనుకున్న భాగం మీదా కలిసేలా తన రంగుతో ఒక గీత గీయాలి. తర్వాత ఎప్పుడైనా గీత రెండు ముక్కలై కనిపించిందంటే నట్టు కదిలిందన్నమాట. ఆ రంగు ఎవరిదో జవాబు వాళ్ళే చెప్పాలి. పెద్దల్లుడిది పసుపు, చిన్న పెయింటు సీసాలో సన్నటి కుంచె. చిన్నల్లుడిది ఎరుపు. అది పెళ్ళాం గోళ్ళరంగు. చూసినప్పుడల్లా పెద్దల్లుడికి ఒళ్ళు మండేది గానీ మామగారు మాత్రం, "తొందరగా ఆరుతుందయ్యా, తెలివైనోడు," అని మెచ్చుకున్నారు.

పద్దెనిమిదేళ్ళలో పసుపు గీత ఉన్న బండి ఒక్కటీ తిరిగి రాలేదు. ఎర్రగీతవి రెండేళ్ళలో నాలుగొచ్చాయి. ఎవరు లెక్కపెట్టారంటారా? ఇంకెవరు, పెద్దల్లుడే. అయితే ఏం లాభం? ఆ నలుగురూ నవ్వుతూ వచ్చి, చిన్నల్లుడు చెప్పిన జోకులకి ఇంకాస్త నవ్వి, నవ్వుతూనే పోయారు. పెద్దల్లుడి చేతిలో బండి పెట్టినవాళ్ళు మళ్ళీ రారు కాబట్టి నవ్వే అవకాశమే లేదు. ఇది ఆయనకి ఘోరమైన అన్యాయంగా తోచేది.

ఇప్పుడీ కడుపుమంట మరీ ఎక్కువ కావడానికి అసలు కారణం తాళంచెవి. మామగారి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. శనివారం మధ్యాహ్నం ఆపరేషను. ఆ తర్వాత దుమ్ములోకి, నూనెలోకి రావద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. "శుక్రవారం సాయంత్రం తాళంచెవి ఒకరి చేతిలో పెట్టేస్తానయ్యా. ఇక షెడ్డు వాళ్ళదే. రెండోవాళ్ళు వాళ్ళ మాట వినాలి," అన్నారాయన. ఎవరి చేతిలో అన్నది మాత్రం చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున ఏడింటికల్లా వచ్చి, మామగారు తాళం తియ్యగానే షట్టరు పైకెత్తేది పెద్దల్లుడు. తొమ్మిదింటికి ఈలవేసుకుంటూ వచ్చేది రెండోవాడు. ఇంకా ఆలోచించడానికి ఏముంది? ఏమీ లేకపోతే మరి మామగారు ఆలోచిస్తున్నారెందుకు? అదీ పెద్దల్లుడి బాధ.

సరిగ్గా అదే బుధవారం ఆసుపత్రి వ్యాను వచ్చింది. కిడ్నీ జబ్బువాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని రక్తం శుద్ధి చేయించి మళ్ళీ దింపే వ్యాను అది. నడిపేది గట్టి గొంతు డ్రైవరమ్మ. "బండి ఎక్కడ ఆపితే అక్కడ ఎర్రగా మడుగు కడుతోంది. గేర్లు కూడా జారుతున్నట్టున్నాయి," అంది.

పెద్దల్లుడు బళ్ళ అడుగున పనిచేసేందుకు తవ్విన గొయ్యిలోకి దిగాడు. బండి అడుగున జిడ్డంతా తుడిచి టార్చి వేశాడు. గేర్‌బాక్సులో ఎర్ర నూనె కాగిపోతుంది కదా, అది చల్లబడటానికి ముందున్న రేడియేటరు దాకా వెళ్ళి రావాలి. వెళ్ళేందుకొకటి, వచ్చేందుకొకటి, రెండు ఇనుప గొట్టాలుంటాయి. వాటిని బండికి పట్టి ఉంచిన క్లిప్పు కింద తుప్పు తినేసి ఒకటి చిల్లు పడింది. రెండోది వేలితో నొక్కితే పొలుసులు రాలుతోంది.

"కొత్త గొట్టాలు తెప్పిస్తే పదిరోజులు పడుతుంది మామయ్యా. అందాకా ఆ ముక్క కోసేసి రబ్బరు పైపు వేసి క్లాంపులు బిగిస్తా," అన్నాడు పైకొచ్చి.

"ఎందుకన్నయ్యా, తిన్నటి గొట్టం బజార్లో దొరుకుతుంది. మనమే వంచేద్దాం," అన్నాడు చిన్నల్లుడు.

మామగారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఎక్కేవాళ్ళు జబ్బుమనుషులు. వాళ్ళ బండికి అతుకులొద్దు. రెండూ కొత్తవే వెయ్యండి. వంపు చిన్నోడిది, బిగింపు పెద్దోడిది."

వంపు పదిమందికీ కనబడుతుంది. బిగింపు గోతిలో పడి ఉంటుంది. పెద్దల్లుడు వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

గురువారం షెడ్డు తిరనాళ్ళయింది. చిన్నల్లుడు పాత గొట్టాన్ని నేలమీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో గీశాడు. ఆ గీత మీద కొత్త గొట్టం పెట్టి, వంచే పనిముట్టుతో ఒక్కొక్క వంపూ తిప్పుతూ పోయాడు. మొత్తం ఏడు వంపులు. పక్కన టైర్ల షాపువాడు వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న వెల్డరు పని ఆపుకుని వచ్చాడు. డ్రైవరమ్మ ఫోనులో వీడియో తీసింది. "చెయ్యా అది, మంత్రమా!" అని ఎవరో అన్నారు. పెద్దల్లుడు గోతిలో రెండు పానాలు పట్టుకుని, పెళ్ళికొడుకు కోసం ఎదురుచూసే పురోహితుడిలా నిలబడ్డాడు. ఒక్క వంపైనా తేడా రాకపోతుందా, గొట్టం ఎక్కడో ఒకచోట తగలకపోతుందా, వాడి మొహం ఒక్కసారైనా మాడకపోతుందా అని మనసులో కోటి దండాలు పెట్టుకున్నాడు.

గొట్టాలు రెండూ మొదటిసారికే అతికినట్టు కూర్చున్నాయి.

ఇక బిగింపు. గేర్‌బాక్సు దగ్గర రెండు నట్లు, రేడియేటరు దగ్గర రెండు. మొదటి మూడూ పెద్దల్లుడు చక్కగా బిగించాడు. నాలుగోది రేడియేటరు కింది నట్టు. అది ఇత్తడిలోకి వెళుతుంది. ఇత్తడి మెత్తన, మరలు ఇట్టే పాడవుతాయి. అందుకని ముందు వేళ్ళతో మెల్లగా తిప్పి ఎక్కించాలి. తర్వాత ఒక పానాతో ఇత్తడి భాగాన్ని కదలకుండా పట్టి, రెండో పానాతో నట్టు బిగించాలి. ఎంత బిగించాలో పుస్తకం చెప్పదు, మణికట్టు చెప్పాలి. పెద్దల్లుడు వేళ్ళతో ఎక్కించాడు. పానా కోసం చెయ్యి చాచాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి డ్రైవరమ్మ గొంతు ఖంగుమంది. "ఇంత అందంగా చేసినాయన గుర్తు పెట్టకుండా ఎలా? పెట్టించండి, మా ఆసుపత్రిలో అందరికీ చూపిస్తా!"

మామగారు నవ్వారు. "పోరా చిన్నోడా, నీ గోళ్ళరంగు పెట్టి రా."

గోతి మెట్ల మీద చిన్నల్లుడి చెప్పుల చప్పుడు వినబడింది. చేతిలో ఎర్ర సీసా. పెద్దల్లుడి ఒంట్లో రక్తం ఒక్కసారి నెత్తికెక్కింది. ఉన్నది ఈ నాలుగు నట్లు. వీటి మీద కూడా వాడి రంగేనా? పానా వదిలేసి జేబులోంచి పసుపు సీసా తీశాడు. టకటకా నాలుగింటి మీదా నాలుగు గీతలు గీసేశాడు.

"అయిపోయిందయ్యా! గుర్తులు పెట్టేశా. నువ్వు రానక్కర్లేదు."

"అవునా? సరే అన్నయ్యా," అని వాడు వచ్చినదారినే పోయాడు. వాడి మొహంలో ఏ బాధా లేకపోవడం పెద్దల్లుడికి ఇంకా బాధ కలిగించింది.

"పెద్దల్లుడూ, నూనె ఎంత పొయ్యాలో వచ్చి చెప్పు," అని మామగారు పిలిచారు. ఆయన పైకొచ్చాడు. నూనె కొలిచి పోశాడు. మళ్ళీ గోతిలోకి దిగి టార్చి వేశాడు. నాలుగు పసుపు గీతలు నాలుగు దీపాల్లా మెరిశాయి. పసుపు కనబడితే ఆయన కళ్ళు ఇక వెతకవు. పద్దెనిమిదేళ్ళుగా పసుపంటే బిగించినట్టే. ఇంజను పదినిమిషాలు ఆడించి చూశాడు, ఎక్కడా చెమ్మ లేదు. పైకొచ్చి బానెట్ మీద రెండు చరిచి, కాస్త గట్టిగానే, "పక్కా!" అన్నాడు.

శుక్రవారం పదింటికి ఫోను మోగింది. కళ్ళు సరిగా ఆనవు కాబట్టి మామగారు స్పీకరు పెట్టి మాట్లాడతారు. షెడ్డంతా వినబడేలా డ్రైవరమ్మ అరిచింది. "మీ పక్కా బండి రోడ్డు మీద ఎర్రగా కారుకుంటూ వచ్చిందయ్యా! లోపల నలుగురు పేషెంట్లున్నారు. ఆసుపత్రివాళ్ళు వేరే బండి పంపుతున్నారులే. కారడం చూడగానే ఇంజను ఆపేయమని మీ చిన్నాయన ముందే చెప్పాడు కాబట్టి ఆపేశా. లేకపోతే గేర్‌బాక్సు గోవిందా!"

పెద్దల్లుడు నిన్నటి పనంతా గుర్తుచేసుకున్నాడు. మూడు నట్లు బిగించడం గుర్తుంది. నాలుగోదానికి వేళ్ళు గుర్తున్నాయి. పానా గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా పానా గుర్తు రాలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడిపోయాడు. ఈలోగా చిన్నల్లుడు నూనె డబ్బా, రెండు పానాలు సంచిలో వేసుకుని బైకు తన్నాడు.

"నేను వెళ్తా," అని పెద్దల్లుడు అనేసరికి వాడు సందు మలుపు తిరిగిపోయాడు.

మూడింటికి వ్యాను షెడ్డుకొచ్చింది. చిన్నల్లుడే నడుపుకొచ్చాడు. మామగారు కుర్చీలోంచి లేచారు. ఆయనకి కోపం రావడం అరుదు. వస్తే గొంతు తగ్గుతుంది.

"ఏ నట్టు?"

"రేడియేటరు కిందిది మామయ్యా. వదులైంది. బిగించి నూనె పోశా."

"ఎవరి గుర్తు?"

చిన్నల్లుడు నేల చూశాడు. "నాదే."

పెద్దల్లుడు తలెత్తాడు.

"నీదేమిట్రా? బిగింపు పెద్దోడిది కదా?"

"చివర్లో నేనే ఒకసారి తిప్పి చూసి, ఎరుపు పెట్టా మామయ్యా. సరిగ్గా పట్టలేదనుకుంటా. తప్పు నాదే."

మామగారు వ్యాను కిందికి వంగి చూశారు. తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగారు. "నా కళ్ళకి ఎరుపూ పసుపూ ఒకటేనయ్యా ఇప్పుడు. నువ్వు దిగి చూసి చెప్పు. నువ్వేం చెబితే అదే నాకు ఖాయం." చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నారు. జేబులో తాళంచెవి ఉందని ఇద్దరల్లుళ్ళకీ తెలుసు.

పెద్దల్లుడు గోతిలోకి దిగి టార్చి వేశాడు. నట్టు మీద నిగనిగలాడుతూ ఎర్రగీత ఉంది. దాని అంచున ఇంత పసుపు తొంగిచూస్తోంది. రోడ్డు పక్కన పడుకుని, మోచేతులకి నూనె కారుతుండగా, వాడు పెళ్ళాం గోళ్ళరంగుతో ఆయన పరువు కప్పేశాడు.

ఇక ఆయన చెయ్యాల్సిందల్లా ఒక్క మాట చెప్పడం. ఎరుపు. అబద్ధం కూడా కాదు, కళ్ళెదుట ఉన్నది ఎరుపే. ఆ ఒక్క మాటతో పద్దెనిమిదేళ్ళ లెక్క చెక్కుచెదరదు, వాడికి ఐదో మచ్చ, తాళంచెవి తన జేబులో. ఇంతకంటే ఏం కావాలి? ఆయనకి నోరూరింది కూడా, దాచడమెందుకు.

కానీ అంతలోనే ఇంకోటి కనబడింది. రేపట్నుంచి ప్రతి పొద్దునా ఆ తాళం తీస్తుంటే వాడు పక్కన నిలబడి ఉంటాడు. ఏమీ అనడు. ఆ పిచ్చినవ్వు నవ్వుతూ "గుడ్ మార్నింగ్ అన్నయ్యా" అంటాడు. తాళంచెవి తనకి వాడు పెట్టిన భిక్ష అని వాడికి తెలుసు, తనకీ తెలుసు. వంపులు బాగా తిప్పేది వాడే, మిక్సీలు బాగుచేసేది వాడే, ఆఖరికి మంచితనంలో కూడా వాడే గొప్పా? తప్పు చేసింది తను. కష్టపడి, కుళ్ళి కుళ్ళి చేసుకున్న సొంత తప్పు. దాన్ని కూడా వాడే ఎత్తుకుపోతాడా? చస్తే ఇవ్వడు!

పెద్దల్లుడు బొటనవేలి గోరుతో ఎర్రరంగు గీకేశాడు. కింద పసుపు గీత బయటపడింది, రెండు ముక్కలై, నట్టు మీద ముక్క ఒకవైపు, ఇత్తడి మీద ముక్క ఇంకోవైపు.

"పసుపే మామయ్యా!" అని గోతిలోంచే అరిచాడు. "నాదే. బిగించకముందే గీత పెట్టేశా. వీడు ఎరుపు పెడతాడేమోనని ఓర్వలేక పెట్టేశా. తర్వాత గీత చూసి బిగించాననుకున్నా. వీడు చెప్పేదంతా అబద్ధం. వీడి మాట నమ్మకండి!"

ఆయన మెట్లెక్కి వచ్చేసరికి మామగారు తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని ఉన్నారు.

"ఇది నీకే ఇద్దామనుకున్నా," అన్నారు నెమ్మదిగా. "కానీ గుర్తు ముందు పెట్టి పని తర్వాత చూసుకుందామనుకున్నవాడికి ఇవాళ ఎలా ఇవ్వనయ్యా? లోపల నలుగురున్నారు." అని చిన్నల్లుడి చెయ్యి లాగి అందులో పెట్టారు. "నువ్వూ తక్కువేం తినలేదురా, దొంగ గీత పెట్టావు. ఇంకోసారి పెడితే వేళ్ళు విరుస్తా. ఆ నాలుగు నట్లూ విప్పి మళ్ళీ మొదట్నుంచి బిగించండి. అయ్యేదాకా బండి కదలకూడదు."

"మామయ్యా, అన్నయ్యకే..." అని చిన్నల్లుడు ఏదో అనబోయాడు.

"నోర్ముయ్యి. దానం చెయ్యడానికి బయల్దేరాడు!" అని పెద్దల్లుడు చేతిలో ఉన్న గుడ్డ నేలకేసి కొట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య విషయమంతా విని, "పోనీలెండి, మా మరిది పరాయివాడా," అంది. పుండు మీద కారం చల్లడమంటే అదే.

శనివారం ఆయనకి ఎప్పటిలాగే ఆరింటికి మెలకువ వచ్చింది. వెళ్ళకూడదనుకున్నాడు. కాళ్ళు విన్లేదు. సరేలే, ఏడింటికి వెళ్ళి మూసిన షట్టరు ముందు నిలబడదాం, తొమ్మిదింటికి ఈలవేసుకుంటూ వచ్చే షెడ్డు యజమాని సిగ్గుతో చస్తాడు అనుకున్నాడు. ఆ ఊహ ఎంతో తియ్యగా ఉంది. దార్లో నాలుగైదు దెప్పుడు మాటలు కూడా తయారుచేసుకున్నాడు.

తీరా వెళ్ళేసరికి షట్టరు ఎత్తి ఉంది. నేల ఊడ్చి ఉంది. వ్యాను కింద గోతిలో లైటు వెలుగుతోంది. ఆయనకి ఒక్కసారి ఏడుపు తన్నుకొచ్చింది. పొద్దున్నే రావడం ఒక్కటి మిగిలింది తనకి. అది కూడా లాగేసుకున్నాడు వెధవ!

"వచ్చారా అన్నయ్యా?" గోతిలోంచి గొంతు. "దిగండి. మూడు బిగించా. నాలుగోది మీకోసం ఆపా."

"నాకోసం ఎందుకు? యజమానివి కదా, బిగించుకో."

"నావల్ల కాదు."

ఆయన దిగాడు. చిన్నల్లుడు నట్టు వేళ్ళతో ఎక్కించి, ఒక పానాతో ఇత్తడి భాగాన్ని పట్టుకుని కూర్చున్నాడు. రెండో పానా ఆయన వైపు చాచాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నిన్న రోడ్డు మీద నువ్వే బిగించావుగా?"

"బిగించానా! చెయ్యి వణికి చచ్చా. ఎక్కడ మరలు తెగుతాయోనని సగమే తిప్పి, బండి నత్తలా నడుపుకొచ్చా. నా బళ్ళు నాలుగు తిరిగొచ్చాయి చూడండి, అందులో మూడు ఇత్తడివే. అందరూ వంపు చూసి చప్పట్లు కొడతారు. ఇత్తడి నట్టు పట్టుకుంటే ఎక్కడ ఆపాలో నాకింతవరకూ తెలీదు. మీరు మణికట్టు అలా ఒక్క తిప్పు తిప్పి ఆపేస్తారు. రెండేళ్ళుగా పక్కన నిలబడి చూస్తున్నా, పట్టుబడదే! ఇంటికెళ్ళి మీ మరదలి దగ్గర రోజూ ఇదే ఏడుపు. ఆ మనిషి చెయ్యి నాకెందుకు రాలేదే అని. నిన్న మీ పసుపు విరిగి కనబడితే, నిజం చెప్పొద్దూ, ముందు సంతోషమేసింది. తర్వాత భయమేసింది. మీరే తప్పితే ఇక నాకెవరు నేర్పుతారని. అందుకే ఎరుపు పూసేశా."

పెద్దల్లుడు పానా అందుకోలేదు. తోడల్లుడి మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహంలో రోజూ అద్దంలో తనకి కనబడే మంటే ఉంది. రెండేళ్ళుగా మాడిన కడుపులో ఎవరో చల్లటి నీళ్ళు పోసినట్టయింది.

"నన్ను చూసి కుళ్ళుకున్నావా? నువ్వా?"

"కుళ్ళుకోక? చచ్చేంత."

"రెండేళ్ళుగానా?"

"రెండేళ్ళుగానే."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదరా!" అని పెద్దల్లుడు పానా లాక్కున్నాడు. "పట్టు, గట్టిగా పట్టు. మణికట్టు కాదు, మోచెయ్యి చూడు."